వెయ్యిన్ని తొమ్మిది గింజలు

భర్త చోటే మియా పోయిన మూడోనాడు అందరూ కలిమా చదివిన ప్రతిసారికీ ఒకటి చొప్పున లెక్కపెట్టిన ఖర్జూరం గింజలు కుల్సుమ్‌బీ దాచుకుంది. వెయ్యిన్ని తొమ్మిది.

"ఎన్ని కుప్పలు పోసినా సమానంగ రావు నానీ. నీ తీరే, ఎవ్వరికి లొంగవు," అని మనవరాలు షాజియా నవ్వి, గద్వాల బస్సెక్కింది.

అప్పటినుంచి పొద్దుగూకితే కుల్సుమ్‌బీకి అదే పని. ఇటొకటి, అటొకటి వేస్తూ పోతే చివరికి ఒక గింజ అరచేతిలో మిగిలేది. "నాకు నువ్వే తోడు," అనేది దానితో.

ఈ రాత్రి ఏదీ మిగల్లేదు. మళ్లీ పోసింది. రెండు కుప్పలూ సమానమే.

తలుపు గొళ్లెం లోపల వేసే ఉంది. ఒక గింజ మాత్రం తడిగా, జిగటగా, ఇప్పుడే చప్పరించి ఉమ్మినట్టుంది.

"ఇంకోటి తింటవా?" అంది చీకట్లోకి.

నములుతున్న చప్పుడు ఆగింది.