పురుగుకు పెట్టిన పేరు

బావమరిదీ, మన అమ్మాయి లోకంలో ఎవరూ ఎరగని కొత్త పురుగును కనిపెట్టింది. దేశదేశాల పండితులు ఒప్పుకున్నారు.

అమ్మాయి ఫోటో పట్టుకుని మా ఇంటిపేరు సంఘానికి పరుగెత్తాను. అక్కడ గోడ నిండా మా ఇంటిపేరున్న శాస్త్రవేత్తల ఫోటోలే. అమ్మాయిదీ పెట్టమన్నాను.

"పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది కదా పెద్దాయనా. వాళ్ల అత్తారి సంఘంలో అడగండి" అన్నాడు కార్యదర్శి.

ఒళ్లు మండిపోయింది. "కని పెంచింది మేమయ్యా, నీ గోడ కాదు" అని కడిగేసి వచ్చాను.

ఇంట్లో ఇంకా చిందులు తొక్కుతుంటే అమ్మాయి ఫోన్ చేసి పురుగు పేరు చెప్పింది. మాది కాదు, అత్తారిదీ కాదు. మీ అక్క నన్ను కట్టుకున్నప్పుడు వదిలేసిన మీ ఇంటిపేరు. చిందులు ఆపి ఫోన్ మీ అక్క చేతికిచ్చాను. మీ అక్క ఆ పేరు మళ్లీ మళ్లీ చెప్పించుకుంటోంది.

మీ పెద్దక్కకి, చిన్నక్కకి, మేనత్తలిద్దరికీ, అత్తారింట ఉన్న నీ కూతురికీ ఇవాళే చెప్పు.