మైనం జారిన నీళ్ళు

ఆ మనిషి సైకిలు వెనక అట్టపెట్టె కట్టుకుని చిట్టియ్య ఇంటి ముందు దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

తొంభై ఆరు తుఫాను వచ్చి వెళ్ళాక వచ్చిన వేసవి అది.

నిడదవోలు దిగువన ఆ ఊరికి కాలువ నీళ్ళే తాగునీళ్ళు. ఏటా వేసవిలో కాలువ కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. అంతవరకూ చెరువు అడుగున మిగిలినవే గతి.

"మీ వాకిట్లో కాసేపు ఎండ వాడుకుంటానండి" అన్నాడు వచ్చినవాడు.

ఎండ అడిగినవాణ్ణి చిట్టియ్య జన్మలో చూడలేదు.

"కావలసినంత ఉందయ్యా. బస్తాలకెత్తుకుని పట్టుకుపో" అన్నాడు.

ఆ మనిషి నవ్వి పెట్టె విప్పాడు. లోపలంతా సిగరెట్టు పెట్టెల్లో ఉండే వెండి కాగితం అతికించి ఉంది. నల్లరంగు పూసిన సత్తు చెంబులో చెరువు నీళ్ళు పోసి అందులో పెట్టాడు. వేలెడు గాజు గొట్టం ఒకటి నీళ్ళలోకి దించాడు. రెండు కొసలూ మూసిన ఆ గొట్టం లోపల, పైకొసన చిన్న మైనం ముద్ద. పెట్టె మీద గాజు పలక కప్పి, పక్కన గొంతుక్కూచున్నాడు.

ఆ మైనం కరిగి అడుక్కి జారిందంటే నీళ్ళలో పురుగు చచ్చినట్టేనని, దీనికి కట్టె అక్కర్లేదు, కిరసనాయిలు అక్కర్లేదని చెప్పాడు.

చిట్టియ్య ఖరీదెంతన్నాడు. అతను ఊరికేనన్నాడు. ఊరికే అనేసరికి చిట్టియ్యకి అనుమానం పట్టుకుంది. ఎలక్షన్లు కూడా దగ్గర్లో లేవే అనుకున్నాడు.

చిట్టియ్య భార్య సంపూర్ణమ్మ లోపల్నించి గాజు గ్లాసుతో నీళ్ళు తెచ్చి చూపించింది. బిందెలో చిల్లగింజ అరగదీసి తేర్చిన నీళ్ళు. అవతల ఉన్న గోడ కనబడుతోంది.

"ఇంతకంటే ఏం శుభ్రం చేస్తావు నాయనా?"

"అద్దంలా ఉంటేనే భయమండి. మురికి కనబడితే ఎవరం తాగం కదండి" అన్నాడతను.

చిట్టియ్య మనవరాలు పాపాయికి ఆరేళ్ళు. అంతసేపూ ఆ పెట్టె దగ్గర్నించి కదల్లేదు. ఎండ వాలుతుండగా "తాతా, జారింది" అని గెంతింది.

అతను చెంబు బయటికి తీసి, చల్లారనిచ్చి, అందించాడు. పాపాయి చెయ్యి చాపింది.

"నీ పేరేంటి నాయనా?" అని అడిగింది సంపూర్ణమ్మ.

"యెహెజ్కేలండి."

సంపూర్ణమ్మ మనవరాలి చెయ్యి మెల్లగా వెనక్కి లాక్కుంది. ఆ వీధిలో అలాంటి పేరున్న మనిషి చేతి నీళ్ళు తాగరు. ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేకపోయింది.

చిట్టియ్యకి లోపలెక్కడో గుచ్చుకుంది. అయినా, "ఇందాకే మజ్జిగ తాగిందిలే" అన్నాడు.

యెహెజ్కేలు చెంబు కింద పెట్టాడు. పెట్టె అక్కడే వదిలి సైకిలెక్కబోతూ ఆగాడు.

"నా చేత్తో తాగక్కర్లేదండి. మీ చెంబుకే మసి పూసి, మీరే ఎండలో పెట్టుకోండి. సోమారం కొత్తనీరొస్తంది. పాపకి మాత్రం మైనం జారకుండా ఇవ్వకండి."

నీళ్ళు ఏ రోజు వస్తాయో ఇతగాడికెలా తెలుసో అడగాలని చిట్టియ్యకి తోచలేదు.

మర్నాడు సంపూర్ణమ్మ ఆ పెట్టెలో గడ్డి పరిచి పొదిగే కోడిపెట్టని కూచోబెట్టింది. వెచ్చగా భలే కుదిరిందని చుట్టుపక్కలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

సోమవారం కాలువలోకి నీళ్ళు ఎర్రగా, నురగతో దిగాయి. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా వేసి హారతిచ్చి బిందెలు ముంచారు. తొలినీరు తలో గుక్కెడు తాగడం ఆ ఊరి ఆనవాయితీ. సంపూర్ణమ్మ చిల్లగింజ మామూలుకంటే ఎక్కువసేపే అరగదీసింది. నీళ్ళు అద్దంలా తేరాక పాపాయికి ఇచ్చింది.

బుధవారం తెల్లవారేసరికి ఆ వీధిలో ఏడిళ్ళలో వాంతులు, విరేచనాలు.

పాపాయిని జీపులో కొవ్వూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సాయంత్రం అదే జీపులో వెనక్కి తెచ్చారు. చిట్టియ్య ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. గతుకులు వచ్చినచోటల్లా డ్రైవర్ని మెల్లగా పోనిమ్మన్నాడు.

పిల్ల పోయిన మూడోవారంలో పెట్టెలోంచి కోడిపిల్లలు బయటికొచ్చాయి.

చిట్టియ్య ఆ పెట్టె దులిపి తుడిచి, సైకిలుకి కట్టుకుని, కాలువగట్టు పట్టుకు వెళ్ళాడు. మిగతా పిల్లల కోసమైనా నేర్పమని కాళ్ళు పట్టుకుందామనుకున్నాడు. అడగ్గా అడగ్గా, లాకుల దగ్గర చిన్న పెంకుటిల్లు చూపించారు. వాకిట్లో నల్ల చెంబులు ఎండలో వరసగా ఉన్నాయి.

"యెహెజ్కేలు గారి ఇల్లిదేనా అమ్మా?"

ఆయన భార్య చిట్టెమ్మ బయటికొచ్చింది. పెట్టె చూసింది. చిట్టియ్య మొహం చూసింది.

"మాకూ ఒక్కతేనండి" అంది. "పోయి నాలుగేళ్ళయింది. కొత్తనీరు మన పిల్లే ముందు తాగాలని ఆయనే దోసిట్లో పట్టి తాగించాడండి. అప్పట్నించీ ఏటా నీళ్ళకంటే ముందు కొన్నికొన్ని ఊళ్ళు తిరుగుతాడు."

చిట్టియ్య దాహమన్నాడు. ఆమె చెంబు పట్టుకొచ్చి, ఇవ్వాలో వద్దో తెలియక గుమ్మంలో నిలబడిపోయింది. చిట్టియ్యే రెండు చేతులా అందుకుని తాగాడు. ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి.

"ఆయనెక్కడమ్మా?"

చిట్టెమ్మ లాకు వైపు చూపించింది.

అక్కడ, గట్టు మీద నిలబడి, యెహెజ్కేలు ఇనపచక్రం తిప్పుతున్నాడు. లాకు తలుపు అంగుళం అంగుళం పైకి లేస్తోంది. కిందనుంచి నీళ్ళు చిట్టియ్య ఊరివైపు దూకుతున్నాయి.

పదిహేనేళ్ళుగా ఆ ఊరు తాగిన ప్రతి చుక్కా ఆ చేతులు వదిలిందే. వాళ్ళు వద్దన్నది ఒక్క ఆ చెంబెడే.