గాలి పరీక్షలో పిల్లి

ఆత్రేయపురంలో మంగతాయారు పూతరేకులు చుట్టి డ్రోన్ మీద పెళ్ళిళ్ళకు పంపేది. చుట్టూ గాలి ఎలా పారుతుందో కంప్యూటర్ తెరమీద పరీక్షించనిదే ఏ డ్రోనూ ఎగరదు.

ఆ ఉదయం ముహూర్తం దగ్గరపడింది. భర్త వీర్రాజు డ్రోన్‌ను అన్నివైపులా ఫోటోలు తీసి, తెరమీద ఆ బొమ్మ చుట్టూ గాలి వదిలాడు. గాలి గీతలు పట్టుదారాల్లా జారిపోయాయి.

"ఒక్క సుడి కూడా లేదే!" అని మురిసిపోయాడు.

తాయారు తొంగిచూసింది. "అయ్యబాబోయ్, డ్రోన్‌కి తోకేంటండీ?"

డ్రోన్ మీద వాళ్ళ పిల్లి నిద్రపోతోంది. దాన్ని దింపి పరీక్షిస్తే గాలి సుడులు తిరిగి రేకులన్నీ పొడైపోతాయని తేలింది.

"పోనీ, పిల్లినే పంపేద్దామా?" అన్నాడు వీర్రాజు.

"దానికి కళ్ళు తిరగవూ, పాపం!"

తాయారు పాత దుప్పటి కత్తిరించి, దూది కూరి, అచ్చం అలాగే పడుకున్న పిల్లిబొమ్మను కుట్టి డ్రోన్ మీద కట్టింది. పరీక్ష నెగ్గింది, డ్రోన్ ఎగిరింది.

మధ్యాహ్నం పెళ్ళివారు ఫోన్ చేశారు.

"రేకు ఒక్కటీ విరగలేదమ్మా. కానీ పెళ్ళికూతురు పిల్లిని ఇవ్వనంటోంది. పిల్లి లేకపోతే మీ డ్రోనేమో ఎగరనంటోంది."

వీర్రాజు నిట్టూర్చి, డ్రోన్‌ను తెచ్చుకోవడానికి బస్సెక్కాడు.