ఖాళీ వలసంచి

బు చాంగ్‌హో ఈల ఊదాడు.

కొరియాలోని జేజు దీవి తీరపు పార్కు. అలలు తొలిచిన గుహ ముందు, వెనక్కి తగ్గిన నీళ్లలోంచి ఒక ముసలావిడ లేచింది. ఒంటిమీద నల్ల రబ్బరు దుస్తులు, భుజాన వలసంచి.

ఊరి మనిషి కాదు. అంతే చాలు.

ఆ గుహ నీళ్లలో మునిగి గుల్లలు ఏరే హక్కు ఈ ఊరి ఆడవాళ్లది. పరాయి చెయ్యి పడితే దొంగతనమే. పార్కు కాపలాదారు చాంగ్‌హో చేతిలోంచి ఇంతవరకు ఏ దొంగా జారిపోలేదు.

"ఏ ఊరు పెద్దమ్మా?"

"దీవికి అవతలి వైపు."

"అటువైపు సముద్రం ఎండిపోయిందా?"

"లేదు బాబూ. ఈ నీళ్లంటే మక్కువ."

"నీళ్ల మీదా, నీళ్లలో ఉన్నవాటి మీదా?"

చాంగ్‌హో సంచి లాక్కుని దులిపాడు. ఖాళీ.

"సరుకు లోపల దాచావన్నమాట. చీకటి పడ్డాక పట్టుకుపోదామని."

ఆవిడ తల దించుకుంది. చాంగ్‌హోకు నమ్మకం కుదిరింది. ఫోన్ తీసి కబురు చేశాడు.

గుల్లలు ఏరే ఆడవాళ్లకు పెద్దయిన హాంగ్ బొక్‌సున్ చలిమంట దగ్గర్నుంచి లేచి తడిబట్టలతోనే వచ్చింది.

"ఏళ్ల తరబడి ఈ గుహ గొడ్డుపోయింది. ఖరీదైన అబలోన్ గుల్ల కంటపడితే ఒట్టు. నిరుటి నుంచే నాలుగు కనిపిస్తున్నాయి. అప్పుడే వాసన పట్టావూ?"

"పెరుగుతున్నాయా?" ముసలావిడ కళ్లు మెరిశాయి.

"చూశావురా చాంగ్‌హో, దీని ఆశ."

"పోలీసులకు చెప్పనా అక్కా?"

"జరిమానా కట్టి మళ్లీ వస్తుంది. ఈ నీళ్లలో ఇక దిగనని సముద్రరాజు మీద ఒట్టెయ్యమను."

ముసలావిడ మొహం పాలిపోయింది. సముద్రంలో మునిగి బతికే ఆడది ఆ ఒట్టు తప్పదు. తప్పినదాన్ని సముద్రం మళ్లీ పైకి రానివ్వదు.

గుహ వైపు ఒకసారి చూసి, దోసిట ఉప్పునీళ్లు పట్టి, ఒట్టేసింది.

"అరచెయ్యంత కాకముందే తియ్యకండి" అంది వెళ్తూ.

"దొంగ నోట నీతులు" నవ్వాడు చాంగ్‌హో. దగ్గరుండి బస్సెక్కించి వచ్చాడు.

కాసేపటికి గేటు ముందు వ్యాను ఆగింది. అవతలి తీరంలోని గుల్లల పెంపకం కేంద్రానిది.

"మా పెద్దావిడ ఏరీ?" అన్నాడు డ్రైవరు. "పిల్లల్ని వదిలేసి ఇక్కడుంటానన్నారు. నేనటు వెళ్లి సూపు తాగి వచ్చేసరికి లేరు."

"ఏం పిల్లలు?"

"గోటంత అబలోన్ పిల్లలు. ఏటా వసంతంలో మా దగ్గర సంచినిండా తీసుకుని, ఈ గుహ రాళ్లకు అతికించి వెళ్తారు. ఎవరూ చెప్పలేదా మీకు?"

అక్కడే ఉన్న బొక్‌సున్ గుహ వైపు తిరిగింది.

"ఇంకా ఎన్నేళ్లు వెయ్యాలనుకుంది?"

"గుహ నిండేదాకా. సగం కూడా కాలేదంటారు."

"ఆ ఒట్టు వేయించింది నేనే" అంది బొక్‌సున్ మెల్లగా. "ఇప్పుడు నేనే రమ్మన్నా ఆ ఒట్టు పోదు."

చాంగ్‌హో డ్రైవరు వైపు తిరిగాడు.

"వాళ్ల ఊరి నీళ్లు వదిలేసి, మా గుహకెందుకు తేవడం?"

డ్రైవరు తటపటాయించాడు.

"ఆ సంగతి మాత్రం మీకు చెప్పొద్దన్నారు. మొగుడు మంచాన పడ్డ రోజుల్లో, చాటుగా వచ్చి ఈ గుహను ఊడ్చుకుపోయిన దొంగ ఆవిడేనండి."