ఒళ్లు వెచ్చబడిందా?

భార్యకు ఇంజెక్షన్ పొద్దున్నే పడింది. అప్పటి నుంచీ అతను థర్మామీటరు చేతిలోంచి దించలేదు.

చలిగా ఉందా అని అడిగాడు. లేదంది భార్య. కాసేపాగి మళ్లీ అడిగాడు. మళ్లీ లేదంది. ఇంకోసారి అడగబోతుంటే పక్క మంచం మీది పెద్దావిడ ముసిముసిగా నవ్వింది.

భార్య మూత్రపిండంలో క్యాన్సర్ గడ్డ వస్తే కోసి తీసేశారు. అది ఊపిరితిత్తుల్లో మళ్లీ మొలిచింది. ఇక ఆశంతా ఈ ఆసుపత్రిలో పరీక్షిస్తున్న ఇంటర్‌ఫెరాన్ అనే కొత్త మందు మీదే.

ఆ మందు సంగతి అతనికి కొట్టినపిండి. ప్రయోగశాలలో గాజు పళ్లేల్లో కణాలు పెంచడమే అతని ఉద్యోగం. కణం ఒంటి మీద రిసెప్టర్లు ఉంటాయి. పెరగమనే కబురు బయటి నుంచి వచ్చి వాటికే తగులుతుంది. ఇంటర్‌ఫెరాన్ పడితే అవి తగ్గిపోతాయి. భార్యకు మాత్రం ఇంత వివరం చెప్పలేదు.

"కాలింగ్ బెల్ పీకేశామనుకో. వీధిలోవాడు ఎంత నొక్కినా లోపలివాడికి వినపడదు. కణం కూడా అంతే. పెరగడం నెమ్మదిస్తుంది."

"అయితే పాలవాడు కూడా వెనక్కి పోతాడేమో" అందామె.

వేళాకోళమే గానీ, ఆమెకూ లోపల బెదురుగానే ఉంది. జ్వరం, వణుకు రావచ్చని సిస్టర్ ముందే చెప్పింది. అతను ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ మోసుకొచ్చి మంచం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పళ్లెంలో కణాలు చతికిలబడటం ఎన్నోసార్లు సంబరంగా చూసినవాడే. అవి పరాయి కణాలు. ఇప్పుడు చూస్తున్నది పెళ్లాం నుదురు.

మధ్యాహ్నం ఆమె ఆకలేస్తోందని కడుపునిండా తింది. అతనికి ముద్ద దిగలేదు. ఆమె ఓ కునుకు తీసి, లేచి జడ అల్లుకుంది. అతను ఊపిరి బిగబట్టి థర్మామీటరు వైపు చూశాడు. దాన్ని విదిలించి మళ్లీ పెట్టాడు.

సాయంత్రం సిస్టర్ వచ్చి చెయ్యి పట్టి చూసింది.

"జ్వరం ఊసే లేదండీ. మీ ఆవిడ గట్టిది."

"విన్నారా?" అంది భార్య. "పొద్దుటి నుంచీ ఒకటే హడలిపోయారు. నాకేం కాలేదు." సంతోషంతో ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అతను నవ్వాలని చూశాడు. ఆమె నుదుటి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. మెడ మీద వేసి చూశాడు. అక్కడా చల్లగానే ఉంది. మొహం కడుక్కొస్తానని బయటికి నడిచాడు. కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో వెక్కివెక్కి ఏడ్చాడు.

ఈ పరీక్షలో సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తి ఉప్పునీళ్లు ఎక్కిస్తారనీ, అసలు మందు పడిన ఒళ్లు మొదటిరోజు కాలిపోక తప్పదనీ తెలిసిన అతను, పొద్దుటి నుంచీ ఆ జ్వరం కోసమే ఎదురుచూస్తున్నాడు.