బీరువా వెనక

"నువ్వు ఎగబడి వెళ్లిన బ్యాంకు మొండిచెయ్యి చూపించిందిగా! నేను తెచ్చిన ఫైనాన్సువాళ్లు గంటలో లోన్ ఇస్తామన్నారు." భర్త కాగితాలు భార్య ముందుకు విసిరాడు. "నోరు మూసుకుని సంతకం పెట్టు. కొనబోయే ఇల్లు చేజారిందో, నీ పని చెప్తా!"

"మీవాళ్లు అసలు ఇల్లు చూశారా?"

"అక్కర్లేదన్నారు. నా జీతం చూశారు, చాలదూ?"

"బ్యాంకు ఇంజినీరు వెళ్లి చూశాడు. హాల్లో ఉన్న బీరువా పక్కకి జరిపించి మరీ చూశాడు."

ఆమె ఫోన్ తీసి అతని మొహం ముందు పెట్టింది. ఫొటోలో బీరువా వెనక గోడ నిలువునా చీలి ఉంది. చెయ్యి దూరేంత సందు.

అతను నాలుగుసార్లు వెళ్లి చూసొచ్చిన ఇల్లే అది. వెళ్లిన ప్రతిసారీ ఆ బీరువాకే దర్జాగా చేరగిలబడి బేరమాడాడు.