లారస్ వచ్చేలోపు

"బు, ఐదింటికల్లా అయిపోతుందా? మా ఆవిడ స్కూలు నుంచి వచ్చేస్తుంది." ఆమెని మేడమ్ అన్నట్టు 'బు' అని పిలుస్తూ అడిగాడు సుబాగ్యో.

"అవుతుంది మాస్, కంగారు పడకండి," అని తనూ మర్యాదగా పిలుస్తూ అందామె.

ఇండొనేషియాలోని మలాంగ్‌లో ఆ మధ్యాహ్నం సన్నగా వాన. బల్ల మీద రెండు కంప్యూటర్లు. కొత్తది ఆమెది. రంగు మారిన పాతది సుబాగ్యోది. దానికి ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ తయారు చేయాలి. ఆ పాతదాని మీదే చేస్తే నాలుగు రోజులు పడుతుంది. అందుకే కొత్తదాని మీద చేసి పాతదానికి ఎక్కిస్తోంది.

"ఆన్ చేయగానే ముందు మా ఆవిడ పేరు రావాలి. లారస్. పెళ్లయి పదకొండు రోజులేగా! చూసి మురిసిపోవాలి."

ఆమె వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ఆ పేరు టైపు చేశాయి.

"వంట బాగా చేస్తుందా?"

"నిన్న టెంపె వేపుడు మాడ్చేసింది. బాగుందని మొత్తం తినేశాను. మాడిందని తనకీ తెలుసు. ఇద్దరం ఒకటే నవ్వు!"

ఆమె కూడా నవ్వింది. కళ్లు మాత్రం అటు తిప్పుకుంది.

నలభై నిమిషాలకి పని అయింది. పాతదానికి ఎక్కించింది. తెర నల్లగానే ఉండిపోయింది.

సుబాగ్యో తల గోక్కున్నాడు. "ఏ కంప్యూటర్ కోసమో రాశారా బు? రాయకపోతే మీ కొత్తది తనలాంటి దానికే తయారు చేస్తుంది. అది ఈ పాతదాని బుర్రకెక్కదు."

నిజమే. ఆ ఒక్క మాట రాయడం మరిచిపోయింది.

"ఎంత బాగా గుర్తున్నాయి మీకు ఇవన్నీ!"

"మా ఆవిడైతే ఈ తప్పు చేయదు లెండి. పిల్లలకి ఇదే పాఠం చెబుతుంది."

"తెలివైందన్నమాట."

"చాలా! నన్ను చేసుకోవడంలోనే కాస్త పొరబడింది."

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఐదుకి పది నిమిషాలుందనగా పాత తెర మీద తెల్లటి అక్షరాలు వెలిగాయి. లారస్.

సుబాగ్యో చప్పట్లు కొట్టాడు. జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు.

"బు, ఏమనుకోకండి, కాస్త పక్కకి జరుగుతారా? రాగానే తనకి తెర కనబడాలి."

ఆమె లేచి గోడ వైపు జరిగి నిలబడింది.

తలుపు తెరుచుకుంది. సుబాగ్యో గబుక్కున లేచాడు. తడిసిన గొడుగుతో ఒక అమ్మాయి లోపలికొచ్చింది. ముఖం చూసి, అతను మళ్లీ కూర్చున్నాడు.

ఆ అమ్మాయి గొడుగు మూలన పెట్టి, గోడ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"అమ్మా, ఇవాళైనా నాన్న నిన్ను గుర్తుపట్టారా?"